నిమ్మచెట్టుకు గాజుగది

టప్... టప్... టపటప.

వాన చప్పుడు మారింది.

పుట్టినప్పటినుంచీ బెరిల్ ఎరిగిన హాలిఫాక్స్ ఊరి వాన ఇది కాదు. ఆ వాన ఇంటి కప్పు మీద గొణిగేది, తూముల్లో సణిగేది. ఇవాళ వంటింటి వెనక, కొత్త చట్రాల పైన బిగించిన మొదటి అద్దం మీద పడి గంతులేస్తోంది!

టీ కప్పు పక్కన పెట్టి ఆ అద్దం కింద నిలబడింది బెరిల్. ఉన్నది ఒక్క అద్దమే. చుట్టూ ఇంకా ఆకాశమే. సగం తడుస్తూ నవ్వుకుంది.

పెరట్లో, తొట్టిలో, నిమ్మచెట్టు పూర్తిగా తడుస్తోంది.

ఇరవై రెండేళ్ళ చెట్టు. పెళ్ళయిన కొత్తలో సముద్రపు ఒడ్డున వేయించిన చేప తింటుంటే, నిమ్మముక్కలోని గింజ పంటికింద పడింది. చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చింది.

మొలిచింది. పెరిగింది. ఒక్కసారీ పూయలేదు.

ప్రతి చలికాలమూ చీకటి నడవాలోనే. పోయినేడు అక్కడ ఆకులన్నీ రాల్చేసింది. ఇంకో చలికాలం అక్కడే అంటే ఇక బతకదు. బెరిల్‌కి తెలుసు. అందుకే ఈ గాజుగది.

కూల్చేసిన బడి కిటికీలు తెచ్చాడు నోరిస్. ఆమె మొగుడు, రిటైరైన బస్సు డ్రైవరు. ప్రతిదీ రెండుసార్లు కొలిచాడు. అద్దం తరవాత అద్దం... అద్దం కదలకుండా అంచుల్లో బొటనవేలితో తెల్లటి పుట్టీ నొక్కుతూ బెరిల్.

"ఇల్లా, చేపల తొట్టా?" గోడవతల నుంచి పక్కింటి గ్వెండా.

"చేపలం మేమేలే. నువ్వు చూస్తూ కూర్చో!"

శుక్రవారం రాత్రికి గడ్డకట్టే చలి అన్నారు రేడియోలో.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆఖరి అద్దమూ బిగించారు. నోరిస్ చీపురు పట్టుకుని చిందేశాడు. ఇద్దరూ తొట్టిని తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు.

చెట్టు ఆగిపోయింది.

ఈ వేసవిలో అది కొమ్మల్ని చేతుల్లా బారచాచుకుంది. తలుపు కొలిచారు, గోడ కొలిచారు, కప్పు కొలిచారు — చెట్టునే కొలవలేదు!

"ముప్ఫై ఏళ్ళు ఇరుకు సందుల్లో బస్సు తిప్పావు కదయ్యా," అంది గ్వెండా, "గుమ్మం కనబడలేదా?"

నోరిస్ చెవులు ఎర్రబడ్డాయి. కత్తెర తీశాడు. "రెండు కొమ్మలేగా..."

"పూసేది కొమ్మ చివరనే!" బెరిల్ చెట్టుకు అడ్డం నిలబడింది. "కొయ్యి. కోసి నన్నూ దానితోపాటు బయటే ఉంచు."

కత్తెర కింద పెట్టాడు. కాసేపు చెట్టును చూశాడు. పొద్దున తాను బిగించిన పెద్ద కిటికీని చూశాడు. అంచున వేలు పెట్టి నొక్కాడు.

"పుట్టీ ఇంకా పచ్చిగానే ఉందోయ్!"

గ్వెండా ఇంటిచెప్పులతోనే గోడ దూకింది. కిటికీ ఊడదీశారు. చెట్టును ఎత్తారు. "మెల్లిగా... మెల్లిగా..." ఒక్కొక్క కొమ్మనూ పసిబిడ్డ చెయ్యిలా వంచి లోపలికి తెచ్చింది బెరిల్. ఒక్కటీ విరగలేదు. కిటికీ మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పుట్టీ. చేతులన్నీ పుట్టీ, మొహాలన్నీ పుట్టీ, నవ్వులు!

వెలుతురు తగ్గుతోంది. బయట వానలో మంచు కలుస్తోంది. లోపల... వెచ్చగానే ఉంది.

అప్పుడు చూసింది బెరిల్.

పై కొమ్మ చివర ఒక తెల్లని చుక్క. మెంతిగింజంత.

"మొగ్గేం కాదు, పుట్టీయే అది," అన్నాడు నోరిస్. "గోటితో గీకితే తెలిసిపోతుంది." చెయ్యి చాచాడు.

బెరిల్ ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగా.

"వద్దు. రేపు చూద్దాం."

"రేపూ అలాగే ఉంటే?"

"ఎల్లుండి చూద్దాం."

చెయ్యి వదల్లేదు. ముగ్గురూ ఆ చుక్క కింద తలలెత్తి నిలబడ్డారు.

పైన అద్దాలన్నింటి మీదా —

టప్... టప్... టపటప.