వినే మనిషి ఇక్కడే

నలభై రోజులు. ఇరవై ఆటోలు. ఒక్క ఫోన్ కూడా రాలేదు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు మెట్రో కింద నిలబడి తారామణి టైము చూసుకుంది. నాలుగూ ఇరవై. ఐదింటిలోగా పోచారం లేడీస్ హాస్టల్‌కు జవాబు చెప్పాలి. వార్డెన్ ఉద్యోగం. రాత్రీ పగలూ అక్కడే ఉండాలి. ఒప్పుకుంటే నాచారంలో పెట్టుకున్న ‘లైఫ్ కోచ్’ బోర్డు దింపేయాల్సిందే. ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగానికి వేరే ఆవిడ సిద్ధంగా ఉంది.

ఇరవై రెండేళ్లు ఒక మందుల కంపెనీలో ఉద్యోగుల సెలవులు, హాజరు చూసింది తారామణి. సెలవు చీటీ మీద సంతకానికి వచ్చినవాళ్లు ఇంట్లో గొడవలు కూడా చెప్పుకుని వెళ్లేవారు. కంపెనీ మూతపడ్డాక ఆ వినడాన్నే వృత్తి చేసుకుందామనుకుంది. ఆన్‌లైన్‌లో కోర్సు చదివింది. మేడ మీద గది తీసుకుని రెండు కుర్చీలు వేసింది. రెండో కుర్చీలో ఇంతవరకు కూర్చున్నది ఫ్యాను బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక్కడే.

ఇప్పుడే నరేన్ ఆఫీసు నుంచి వస్తోంది. ఆవిడ ప్రచారమంతా చూసేది అతనే. ఆటోల్లో స్టిక్కర్ల ఆలోచన కూడా అతనిదే.

“ఆటోలు ఫ్లాప్ మేడం,” అన్నాడు ఇందాక, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా. “ఇగ రీల్స్ చేద్దాం. మీరు ఏడ్వాలె.”

“నేనెందుకు ఏడవాలి?”

“కోచ్ ఏడిస్తెనే జనం నమ్ముతరు. మీ కష్టం జెప్పాలె, ఎట్ల గెలిచిన్రో జెప్పాలె. ఒక్క నిమిషంల.”

“ఇంకా గెలవలేదు కదయ్యా.”

“అది వాళ్లకెట్ల తెలుస్తది?” నరేన్ నవ్వాడు. “ఇంకోమాట. ఎవ్వరికీ ఫ్రీగ సలహా ఇయ్యకుండ్రి. విలువ పోతది.”

“నాచారం, నాచారం!” మెట్రో కింద షేర్ ఆటో వచ్చి ఆగింది. వెనక ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. తారామణి మూడో మనిషిగా ఇరుక్కుని కూర్చుంది.

ఎదురుగా, డ్రైవర్ సీటు వెనక, తన స్టిక్కరే. అంటించింది నరేన్ మనిషి. ఆవిడ చూడటం ఇదే మొదలు.

‘మనసు బరువుగా ఉందా? మాట్లాడండి. వినే మనిషి ఇక్కడే ఉన్నారు.’

కింద తన ఫోన్ నంబరు ఉండాలి. లేదు. నలభై రోజులుగా ప్రయాణికుల మోకాళ్లు రాసుకుని చెరిగిపోయింది. మిగతా ఆటోల్లోనూ ఇంతేనేమో. సరిగ్గా పైన డ్రైవర్ వివరాల కాగితం ఉంది. అందులో ఫోటో, పేరు: బాలరాజు.

“అన్నా, మా ఆయన మల్ల డ్యూటీ బందువెట్టిండు,” అంది పక్కన కూర్చున్న అమ్మాయి. మెడలో ప్యాకింగ్ యూనిట్ కార్డు, దాని మీద రాణి అని పేరు.

డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. “ఏమంటుండు?”

“ఏమన్నా అంటె బాగుండు. గోడదిక్కు మొకంవెట్టి పంటుండు.”

“అన్నం తిన్నడా?”

“మంచిగనే తిన్నడు.”

“అయితే అలగలేదమ్మా. ఆడ ఎవనికో భయపడ్డడు. పొద్దుగాల టిఫిన్ డబ్బా కట్టి చేతికియ్యి, ఏమడగకు. అడగకుంటె ఆయనే జెప్తడు.”

రాణి కళ్లు తుడుచుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగింది. ఆమెతోపాటే దిగిన రెండో ఆవిడ, “నాది రేపు జెప్త బాలరాజూ, ఇయ్యాల నీ తల తిననులే,” అంది.

తారామణికి అర్థమైంది. తన దగ్గరికి రావాల్సిన వాళ్లు వచ్చారు. ఈ ఆటోకి వచ్చారు.

“రోజూ ఇంతేనా?” అని అడిగింది.

“ఏం జెప్పాలె మేడం! గీ స్టిక్కర్ ఎవడో అంటించి పోయిండు. ఏదో దవాఖానాదనుకుని నేను సదవనే లేదు. గప్పటి సంది ఎక్కినోళ్లంత నాకు జెప్పుడు షురువు జేసిన్రు. నా ఫోటో కిందనే ఉండె గదా.”

“మీరు కాదని చెప్పొచ్చుగా?”

“మొదటి రోజే ఒకామె ఏడ్సుకుంట కూసున్నది. నేను కాదు, దిగు అని ఎట్లంట?”

“పోనీ, పీకేయొచ్చుగా?”

“పీకిన. మరుసటి రోజు ఒక ముసలాయన ఎక్కి, ఏదయ్యా గా కాయిదం అని అడిగిండు. మల్ల నేనే అంటించిన.” గుంత తప్పించి నడిపాడు. “అందరిది ఇంటున్న మేడం. ఇంటికి వొయినంక మా ఆమె మాట్లాడితే ఇనబుద్ధి అయితలేదు. అన్నం ముంగట కూసుంటె ఊరంత నా కంచంల ఉన్నట్టుంటది.”

నాచారం వచ్చింది. ఆటో ఆగింది. తారామణి చేతిలో ఫోన్ మోగింది. హాస్టల్ వాళ్లు. ఐదుకు పది నిమిషాలు తక్కువ.

“ఎత్తుండ్రి మేడం, ఫికర్ లేదు, నేనాగుత.”

ఆవిడ ఎత్తలేదు. “ఆ స్టిక్కర్ నాదే,” అంది. “వినే మనిషిని నేనే.”

బాలరాజు మొదటిసారి పూర్తిగా వెనక్కి తిరిగాడు. కోపం లేదు. కళ్ల కింద నలుపు మాత్రం కనిపించింది.

“మస్తు లేటుగ వచ్చిన్రు మేడం.”

“ఈ మేడ మీదే నా గది ఉంది. పది నిమిషాలు కూర్చుంటారా?”

“ఏం జెప్పాలె?”

“ఏమీ చెప్పకపోయినా సరే.”

అతను రోడ్డు వైపు చూశాడు. స్టాండులో ఇద్దరు ఆటో కోసం చెయ్యెత్తుతున్నారు. ఇంజను ఆపేశాడు.

మెట్లెక్కి వచ్చి రెండో కుర్చీలో కూలబడ్డాడు. తారామణి గ్లాసుతో నీళ్లు తెచ్చేసరికి తల పక్కకు వాల్చి నిద్రపోతున్నాడు.

బల్ల మీద ఫోన్ మళ్లీ వైబ్రేట్ అయింది. ఎత్తి మాట్లాడితే లేస్తాడు. ఆవిడ కట్ చేసింది.

ఐదూ ఐదుకు హాస్టల్ నుంచి మెసేజ్ వచ్చింది. వేరే ఆవిడను తీసుకున్నారట.

తారామణి చదివి ఫోన్ బోర్లా పెట్టింది. లేచి ఫ్యాను ఒక పాయింటు పెంచి, ఎదురు కుర్చీలో కూర్చుంది.