దీవిలో పిట్టకు పెట్టిన మెతుకులు

పడవ ఎక్కిన వాళ్లంతా నవ్వుతూ తుళ్లుతూ ఫోటోలు దిగుతుంటే మల్లేశం మాత్రం టిఫిన్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మస్కట్ దగ్గరి సువైక్ తీరం నుంచి బయలుదేరి, చుట్టుపక్కల చిన్న దీవులన్నీ చూపించి, సాయంత్రానికి మళ్లీ ఒడ్డున దించే విహార పడవ అది. డబ్బాలో పిక్నిక్ తిండి ఉందనుకుని ఎదుట కూర్చున్న మస్కట్ కుటుంబం ఒకటి రెండుసార్లు అటు చూసింది. అందులో ఉన్నది చచ్చిపోయిన మనిషికి పెట్టే అన్నం.

ఆ మనిషి రఘుపతి, మల్లేశం చెల్లెలు వాణి మొగుడు. బావ, బామ్మర్ది ఇద్దరూ ఇబ్రా పట్నంలో ఒకే బిల్డింగ్ సైట్‌లో డ్యూటీ, ఒకే రూమ్. ఈద్ సెలవులు దొరికాయి, ఒకసారి దీవులు చూసొద్దామని రఘుపతే పట్టుబట్టాడు. "ఎంతసేపు ఇటుకలు మోసుడేనా బావా? మనం గూడ మనుషులమే గద!" అన్నాడు. ఇదే పడవలో, ఇదే విధంగా వచ్చారు. పెద్ద దీవి చివర నల్లబండ మీద నిలబడి పెళ్లానికి పంపడానికి ఫోటో దిగుతుంటే ఒక అల వచ్చి అతన్ని ఊడ్చుకుపోయింది. అతని తల ఒక్కసారి పైకి లేచి మునిగిపోవడం మల్లేశం కళ్లారా చూశాడు. పోలీసు పడవలు వెతికి వెతికి ఊరుకున్నాయి. శవం దొరకలేదు.

శవం లేదు గనుక చావూ లేదంది వాణి. జగిత్యాల దగ్గర పల్లెలో పొద్దున్నే తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని, బస్సులు ఆగేచోట కూర్చునేది. ఏదో ఓడవాళ్లు తీసుకుపోయి ఉంటారనేది. దెబ్బ తగిలి మతి తప్పి ఊరి పేరు చెప్పలేకపోతున్నాడనేది. అన్నం కలిపి నోటికందిస్తే గొంతు దిగేది కాదు. మనిషి పుల్లలా అయిపోయింది. ఒక బిడ్డ తల్లి, ఇరవయ్యారేళ్ల చెల్లెలి బతుకంతా ఆ బస్సుల దగ్గరే తెల్లారిపోతుందేమోనని మల్లేశం దిగులు.

చివరకు ఊరి పెద్దలు ఓ మాట చెప్పారు. మనిషి పోయిన చోటే పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనది వండి విస్తట్లో పెట్టి, దూరం జరిగి నిలబడాలి. పిట్ట వచ్చి ముడితే పోయినవాడు తిన్నట్టే. ఈసారి వాణి కూడా ఒప్పుకుంది. "పిట్ట ముడితే నమ్ముత. ముట్టకపోతే ఆయన బతికే ఉన్నట్టు. మల్ల నాకెవ్వలు జెప్పద్దు" అంది. ముట్టడం మీదే అంతా ఆగింది.

ప్రమాదం జరిగాక ఆ బండ దగ్గరికి ఒంటరిగా తీసుకుపోవడానికి ఏ పడవవాడూ ఒప్పుకోలేదు. అందుకే మల్లేశం, రూమ్‌మేట్ ఓంకార్ సెలవు పెట్టి, షికారు టికెట్లు కొని షికారు జనంలోనే కూర్చున్నారు. ఏడవడానికి కూడా టూరిస్టు వేషం వెయ్యాల్సొచ్చింది.

పెద్ద దీవి దగ్గర పడవ ఆగింది. "జల్దీ, జల్దీ! ఇంకా మూడు దీవులున్నాయి" అన్నాడు పడవ నడిపే సరంగు హిందీలో.

మల్లేశం నల్లబండ దగ్గర విస్తరాకు పరిచాడు. అన్నం, పచ్చిపులుసు, సర్వపిండి ముక్క పెట్టి, గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్లు పెట్టాడు. ఓంకార్ వీడియో కాల్ కలిపాడు. తెరమీద వాణి, ఆమె వెనక అత్త శాంతవ్వ, పెద్దమనుషులు. ఫోన్‌ను విస్తరి వైపు తిప్పి ఓంకార్ వెనక్కి జరిగాడు.

పిట్టలకేం కొదవ లేదు. తెల్లటి సముద్రపు పిట్టలు వందలకొద్దీ ఉన్నాయి. అయితే అవన్నీ పడవ చుట్టూ తిరుగుతున్నాయి. మస్కట్ కుటుంబంలోని ఇల్లాలు నాదియా ఎర్రటి కారం చిప్స్ గాల్లోకి విసురుతోంది, పిట్టలు గాల్లోనే అందుకుంటున్నాయి, పడవంతా చప్పట్లు కొడుతోంది. ఒకటి విస్తరి దాకా వచ్చి, తల వంచి చూసి, మళ్లీ చిప్స్ దగ్గరికే పోయింది.

"బావా, నీ బిడ్డను నేను జూసుకుంట" అని మల్లేశం సముద్రంకేసి మొక్కాడు. "అవ్వను గూడ జూసుకుంట. మనసుల ఏమున్నా ఇడిసిపెట్టు. అచ్చి తిను బావా."

ఏ పిట్టా రాలేదు. సరంగు కూత వేశాడు. ఫోన్‌లో వాణి గొంతు వినబడింది: "వస్తలేదు సూడు, అత్తా. నేను జెప్పలె?" ఆ గొంతులో సంబరం ఉంది.

మల్లేశం పరుగున పడవ దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. "బహెన్, థోడా దీజియే" అని కొంచెం చిప్స్ అడిగాడు. నాదియా ఇంకేమీ అడక్కుండా దోసెడు చిప్స్ అతని చేతిలో పోసింది. ఎగిరిపోతున్న ఆకును సర్దుతున్నట్టు వంగి, మల్లేశం వాటిని అన్నం కిందికి నెట్టి వెనక్కి వచ్చాడు. రెక్కలు టపటపలాడాయి. ఒకటి కాదు, నాలుగైదు పిట్టలు ఒక్కుమ్మడిగా పడి విస్తరిని చించి పోగులు పెట్టాయి.

"ముట్టింది! ముట్టింది!" అన్నారు ఫోన్‌లో పెద్దమనుషులు. శాంతవ్వ కొడుకు పేరు పెట్టి గుండెలు బాదుకుంది. పాపమో పుణ్యమో, చెల్లెలు బయటపడింది, అంతే చాలనుకున్నాడు మల్లేశం.

"ఓంకారన్నా, ఫోన్ మా అన్నకియ్యి" అంది వాణి.

మల్లేశం అందుకున్నాడు. వాణి కళ్లలో తడి లేదు.

"అన్నా, అన్నం కింద ఏమేసినవ్?"

"ఏమెయ్యలే చెల్లె. ఆకు సదిరిన."

"ఎర్రగ కనవడ్డది. పిట్టలు గదే ఏరుకున్నయి, అన్నం ఇడిసిపెట్టినయి. నేను రెప్ప వాల్చకుండ జూసిన."

మల్లేశం చిరిగిన విస్తరికేసి చూశాడు. మెతుకులు బండ మీదే ఉన్నాయి.

"పోయినోడైతే పిట్ట దానంతట అదే అచ్చేది. నువ్వు ఆశ వెట్టి పిలవాల్సొచ్చిందంటే ఆయన బతికే ఉన్నడు."

"లేడే! నా కండ్లతోటి జూసిన. తల పైకి లేసి మునిగింది. గీ బండ కాడనే, నా ముంగటనే!"

"పిట్ట ముట్టిందని గూడ ఇప్పుడు నువ్వే జూపిస్తివి గదనే" అంది వాణి. కోపంగా కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా అంది.

అన్ని రోజులుగా అతని దగ్గరున్నది ఆ ఒక్క నిజమే. దాన్ని తన చేతులతోనే పనికిరాకుండా చేసుకున్నాడు. ఇంక ఏం చెప్పినా ఆమె నమ్మదని అతనికి తెలిసిపోయింది.

తెరమీద ఆడవాళ్లు బొట్టు చెరపడానికి దగ్గరికి వస్తే వాణి వాళ్ల చేతులు పక్కకు నెట్టేసింది. లేచి నిలబడి కొంగు దోపుకుంది.

"అత్తా, ఏడువకు. లే, ఇంత అన్నం వెట్టు. ఆకలైతుంది" అంది. "ఆయన అచ్చేటాళ్లకు నేను గట్టిగుండాలె."