చిన్నక్క దప్పిక

నా పెళ్లాం చిన్నక్కకు పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్లు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఒక్కగానొక్క కూతురు శారదను దమ్మపేట అవతల ఇచ్చాం. ఏడాదికి రెండుసార్లు వచ్చి తల్లికి తలంటి, ఏడ్చి పోతుంది. మిగతాదంతా నేనే. తినిపించడం, కడగడం, గుడ్డలు మార్చడం. ఆ గుడ్డల్ని పొద్దు పొడవకముందే వాగులో ఉతుక్కొచ్చేవాణ్ణి. ఆడవాళ్లు బిందెలతో వచ్చేసరికి అక్కడ కనపడకూడదని.

మే నెలలో బీడీలు చుట్టే తునికాకు. కోత పదిహేను ఇరవై రోజులే. చీకటితో అడవికి పోవాలి, ఎండ ముదిరేలోపు ఆకు తెచ్చుకోవాలి, యాభై ఆకులకో కట్ట కట్టి సాయంత్రానికి ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. మొదటి రోజు నేను తిరిగొచ్చేసరికి చిన్నక్క తడిలోనే పడుకుని ఉంది. అంతా పొద్దున తాగిన జావ, నీళ్లే. నడుము కింద తోలు కమిలి, చీమలు పట్టాయి. నేను కడిగాను. ఆమె గోడవైపు మొహం తిప్పుకుంది.

మర్నాడు జావ కాయలేదు. అన్నం గట్టిగా కలిపి పెట్టాను. చెంబుతో రెండు గుటకలు తాగించి తీసేశాను. ఇంకా కావాలని పెదాలు చాపింది.

"వచ్చినంక తాగుదువు తియ్యి," అన్నాను.

మంచం పక్కనుండే నీళ్ల ముంతను కూడా ఎడమచేతికి అందనంత దూరం జరిపి, తలుపుకు గొళ్లెం పెట్టి పోయాను.

మధ్యాహ్నం వచ్చి చూస్తే మంచం పొడిగా ఉంది. నాకు సంతోషం వేసింది. చేసిన పనికంటే ఆ సంతోషమే నన్ను ఇప్పటికీ తల ఎత్తనివ్వదు.

నాలుగో రోజుకు ఆమె అడగడం మానేసింది.

ఆ సాయంత్రం కల్లంలో ఆకు కొనే బొజ్జయ్య నా కట్టలు లెక్క చూస్తూ గొంతు పెంచాడు.

"దూలయ్య మామను చూసి నేర్చుకోండ్రి. పెండ్లాన్ని పసిపిల్ల లెక్క సాకుతుండు. మండలంల ఉన్నడా గిట్లాంటోడు?"

"జర మా ఆయనకు చెప్పు," అన్నది మా పక్కింటి పూలి. "నాకు జరమొస్తే వాకిట్లకెళ్లి తొంగిచూసి పోతడు."

"నువ్వెక్కడ పండుకుంటవే! నిన్ను చూస్తే మంచమే లేచి ఉరుకుతది," అన్నాడు ఆమె పెనిమిటి హరిలాల్.

అందరూ నవ్వారు. నేను కట్టలు సర్దుతున్నట్టు వంగాను. పూలి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అన్నా, మోకాలు పట్టేసి నేనీ యేడు అడవికి పోతలేను. పొద్దుగాల వదినె కాడ కూసుంట గద. గొళ్లెమెందుకు పెడుతున్నవ్?"

"ఏమొద్దమ్మా. మంచిగనే ఉంటది."

ఆమె లోపలికొస్తే ఇంటి వాసన తెలుస్తుంది. దూరం జరిపిన ముంత కనపడుతుంది. అదీ నా భయం.

ఎనిమిదో రోజు చిన్నక్క ఒళ్లు పెనంలా కాలింది. కళ్లు గుంటలు పడ్డాయి. పోసిన ఆ కాసిన్ని ఉచ్చ ఎర్రటి డికాషన్‌లా ఉంది. బడి వరండాలో పిల్లలకు సూదులేస్తున్న స్తుతి అనే నర్సమ్మను పిలుచుకొచ్చాను. మేము ఉరుకుతుంటే చూసి పూలి కూడా వెంట వచ్చింది. అప్పుడు వద్దనలేకపోయాను.

నర్సమ్మ చిన్నక్క చేతిమీద తోలు పట్టి లాగి వదిలింది. అది లేచినట్టే నిలబడింది.

"పెద్దాయనా, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతది?"

నేను నోరు తెరవకముందే చిన్నక్క ముద్దముద్దగా ఏదో అన్నది.

"ఏమంటుంది?" నర్సమ్మ నన్నడిగింది.

'నేనే వద్దన్న, ఆయన ఇచ్చిండు' అన్నది చిన్నక్క. అది నాకొక్కడికే అర్థమైంది. ఆ మాట అట్లాగే చెప్పేస్తే సరిపోయేది. పూలి గడప దగ్గర నిలబడి నా మొహమే చూస్తోంది.

"తనే వద్దన్నదట, నేనిచ్చిన్నట," అన్నాను. "అబద్ధం. నేనే ఇయ్యలే. మంచం తడుపుతదని ఇయ్యలే."

నర్సమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక పొడి పొట్లం నీళ్లలో కలిపి చెంచాతో పట్టడం మొదలుపెట్టింది.

"సాయంత్రానికి తెరిపి కాకపోతే దవాఖానాకు తోలుకపోవాలె," అన్నది. తలెత్తకుండానే, "నువ్వు అడవికి పోతే ఈమె కాడ ఎవరుంటరు?" అన్నది.

రెండేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు.

"ఎవరు లేరు," అన్నాను.

"నేను లేనా?" పూలి లోపలికి వచ్చేసింది. "వస్తనంటే వద్దన్నవ్. నా మీద నమ్మకం లేకనా, సిగ్గా?"

"సిగ్గే."

"వదినె సచ్చిపోతే ఆ సిగ్గును ఏం జేసుకుందువ్? కప్పుకుని పండుకుందువా?" అన్నది. ముక్కు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. "విడిచిన గుడ్డలేడున్నయ్?"

నీళ్ల గాబు వెనక దాచిన మూట చూపించాను. దాన్ని చంకన పెట్టుకుని, పట్టపగలే, అందరూ చూస్తుండగా వాగు దిక్కు పోయింది.

నర్సమ్మ పోయాక చెంచా నేను అందుకున్నాను. చిన్నక్క నా చేతిని చూసి పెదాలు బిగించింది. బతిమాలినా తెరవలేదు. పూలి ఉతికిన గుడ్డలు తీగ మీద ఆరేసి వచ్చి గ్లాసు పట్టుకుంటే, అడుగుదాకా తాగింది.