దిగులుకు పండే కాయలు

కోత ఉన్న రోజున కాంతమ్మకు పొద్దు పొడవకముందే పొయ్యి పని అయిపోవాలి. సంగటి కెలికి, ఊరుబిండి పచ్చడి నూరి, ఆవు పాలు పిండి పాల కేంద్రంలో పోసి, నలుగురు కూలోళ్ళను వెంటబెట్టుకుని టమోటా తోటలో దిగిందంటే మళ్ళీ నడుము ఎత్తేది మిట్టమధ్యాహ్నానికే. ఆ తర్వాత షెడ్డు నీడన కూర్చుని కాయలేరాలి. పగిలినవి, పురుగు తొలిచినవి ఒక పక్కకు, దోరకాయలు క్రేట్లలోకి. సాయంత్రం టెంపో వస్తుంది. తెల్లారేసరికి రామసముద్రం దాటి మదనపల్లె మార్కెట్లో వేలానికి ఉండాలి. అక్కడినుంచి కాయ మద్రాసు దాకా ప్రయాణం చేస్తుంది కాబట్టి దోరగా ఉంటేనే ధర. ఎర్రగా పండిన కాయను అడిగే నాథుడుండడు.

ఆ ఇంట్లో ఒక చిక్కు ఉంది. కాయలేరే మనిషి మనసులో దిగులుంటే, ఆ చెయ్యి తగిలిన కాయ తెల్లారేసరికి ఎర్రగా పండిపోతుంది. అత్తగారి కాలం నుంచీ అంతే. మామ మునెప్పకు కాలు తీసిన ఏడాది అత్త ఏరిన కాయలు టెంపోలోనే మెత్తబడి కారిపోయాయి. కూతురు భవ్య పదో తరగతి పరీక్షలప్పుడు నాలుగు కోతలు పాడైపోయాయి. ఊళ్ళో వాళ్ళకు ఇదేమీ వింత కాదు. ఒకరి తోటకు ఆకుముడత, ఇంకొకరి తోటకు అడవి పందులు, వీళ్ళ తోటకు దిగులు. మార్కెట్లో మండీ నడిపే నారాయణస్వామి అయితే క్రేటు మీద కాగితం ఎత్తి చూసి, ధర సంగతి తర్వాత, ముందు ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాడు.

ఈ ఏడు వరసగా మూడు కోతలు ఎర్రబడ్డాయి. అందరూ కాంతమ్మ వైపు చూశారు.

నిజం చెప్పాలంటే అప్పటికి ఆమెకు ఏ దిగులూ లేదు. కూతురు కాపురం చక్కగా ఉంది. ఆవు ఈనింది. వానలు పడ్డాయి. ఎందుకైనా మంచిదని ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని మనసంతా వెతుక్కుంది కూడా. ఏమీ దొరకలేదు. ఆ మాట చెబితే వినేదెవరు? పక్కింటి బయ్యమ్మ, మనసులో పెట్టుకోవద్దు కాంతక్కా, కక్కేయమంది. కుప్పంలో ఉన్న ఆడబిడ్డ కృష్ణవేణి, వదినా మా అన్న ఏమన్నా అన్నాడా అని ఫోను చేసింది. మొగుడు రెడ్డెప్ప మరీ తేల్చేశాడు. ఆమె ఒంట్లోనే ఏదో రోగముందని, అది లోపల్లోపల ఆమెకే తెలియకుండా తొలుస్తోందని.

ఆయన ఈమధ్య కోతకు కూడా దిగడం లేదు. పెళ్ళాం పక్కన నీడలో కూర్చుని కాయలేరుతున్నాడు. ముప్పై ఏళ్ళకు మొగుడికి ప్రేమ పుట్టుకొచ్చిందని కూలోళ్ళు నవ్వుకున్నారు.

ఆ గురువారం పుంగనూరులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. రెడ్డెప్పే బండి మీద తీసుకెళ్ళాడు. నువ్వూ చూపించుకోరాదా అంటే, బండెవరు చూస్తారని చింతచెట్టు కిందే నిలబడ్డాడు. లోపల కాంతమ్మ వేలు పొడిచి రక్తంలో షుగరు చూశారు. నూట అరవై అయిదు. అనుమానంగా ఉందమ్మా, పరగడుపున మదనపల్లెలో మళ్ళీ చూపించుకో అని చీటీ రాసిచ్చారు. పొద్దున బయ్యమ్మ చెల్లెలింటి గృహప్రవేశంలో మూడు బెల్లం ఓళిగలు తిని వచ్చిన సంగతి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

"షుగరొచ్చింది మీ నాయనకు. పరీక్షలు మాత్రం నాకు," అంది బండెక్కుతూ.

"నీ మంచికే గదమ్మే," అన్నాడు రెడ్డెప్ప.

అప్పుడు పట్టుకుంది అసలు దిగులు. ఆ ఇంట్లో షుగరంటే మాత్రలూ పథ్యమూ కాదు, మునెప్ప కాలు. గోరు పక్కన గీరుకున్న చిన్న పుండు. వేలు నల్లబడింది. వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది దాకా. ఆ తర్వాత పద్నాలుగు నెలలు నులకమంచం మీదే. ఆ కట్లు ఉతికింది కొత్తకోడలు కాంతమ్మ. ఆ వాసన ఆమెకు ఇప్పటికీ తెలుసు. రోజూ నిద్ర లేవగానే కొంగుతో తుడుచుకుని మరీ తన కాలి పది వేళ్ళూ లెక్కపెట్టుకుంటోంది. ఇంకేం, ఊరు చెప్పినట్టే కాయలు పండాయి. చూశారా మేం చెప్పలేదా అన్నారు జనం.

షుగరు ఉందో లేదో తేలకముందే ఊరంతా డాక్టర్లయిపోయారు. బయ్యమ్మ పొద్దున్నే చెంబుడు కాకర రసం తెచ్చి, తాగేదాకా కదలకుండా గుమ్మంలో కూర్చునేది. కృష్ణవేణి నేరేడు గింజల పొడి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. అది చాలదన్నట్టు, రామకుప్పంలో ఒకాయన పసరు పోస్తాడని, పోసిన రోజు మజ్జిగ తప్ప ముట్టకూడదని రోజుకు రెండుసార్లు ఫోను. కూలికి వచ్చిన పిల్ల కూడా మెంతులు నానేసుకోమని చెప్పిపోయింది. వీళ్ళందరికంటే ఎక్కువ ఒళ్ళు మండించింది రెడ్డెప్ప. పాయసం వండితే, నీకు వద్దులే అని ఆమె గిన్నె కూడా తన వైపు లాక్కునేవాడు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతూ, మంచినీళ్ళు బాగా తాగాలి మే, నన్ను చూసి నేర్చుకో అని నీతులు చెప్పేవాడు. కాంతమ్మకు అరచి చెప్పాలనిపించేది, కానీ ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

రక్తపరీక్షకు పెరటాసి నెల మూడో శనివారం పోయింది. ఆ రోజు ఎలాగూ ఒక్కపొద్దే కాబట్టి పరగడుపు కలిసొస్తుందని లెక్క. తెల్లవారుజామునే తలకు పోసుకుని, స్వామికి తళిగ వేసి, నైవేద్యం పెట్టి, మొక్కుకుని బస్సెక్కింది. ల్యాబులో సింధూజ అనే పిల్ల, ఖాళీ కడుపుతోనే వచ్చావా పెద్దమ్మా అని అడిగితే, ఒక్కపొద్దమ్మా అని గర్వంగా చెప్పింది. రక్తం తీశారు. గంటన్నరకు కాగితం వచ్చింది. నూట యాభై రెండు. పరగడుపున ఇంత ఉండకూడదని సింధూజ మెల్లగా చెప్పింది.

కాంతమ్మ బల్ల మీద కూలబడి కుప్పానికి ఫోను చేసింది. తనకూ మామ గతే పట్టిందని ఏడ్చింది. పొద్దున్నుంచి బెల్లం వేసిన పాలు, రెండు అరటిపండ్లు, పిడికెడు ప్రసాదం తప్ప నోట్లో మెతుకు వేసుకోలేదని, అయినా ఇంత చూపిస్తోందని ఆడబిడ్డకు చెప్పుకుంది. కాగితాలు సర్దుతున్న సింధూజ చేతిలో పని ఆపేసి వచ్చింది.

"పెద్దమ్మా, ఏమీ తినలేదంటివే?"

"తినలేదుమ్మా. పండ్లూ పాలూ ఒక్కపొద్దుకు పట్టవు."

"ప్రసాదం?"

"చక్కెర పొంగలి. ప్రసాదం తిండెట్లయితాది? వద్దంటే పాపం గదా."

"దేవునికి పట్టకపోవచ్చు పెద్దమ్మా, మా మిషనుకు పడతాది," అంది సింధూజ తల పట్టుకుని. ఆ పిల్లది బి.కొత్తకోట. వాళ్ళ అవ్వ కూడా పోయిన నెల ఇదే పని చేసిందట. సోమవారం పొద్దున నీళ్ళు తప్ప గుక్కెడు తీర్థం కూడా తాగకుండా రమ్మని, ఆ మాట కాంతమ్మ చేత మూడుసార్లు చెప్పించుకుని పంపింది.

సోమవారం తొంభై ఒకటి వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా బాగుంది. డాక్టరు కాగితం చూసి, నీకేమీ లేదమ్మా, పోయి పని చూసుకో అన్నాడు. కాంతమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. బస్సు దిగి మొదట బయ్యమ్మ ఇంటికి పోయి కాకర చెంబు తిరిగిచ్చేసింది. ఆ రాత్రి పాయసం వండుకుని తన గిన్నె తనే తిన్నది. మర్నాడు కోతలో ఆమె చేతులు ఎంత తేలిగ్గా ఆడాయంటే, నలభై క్రేట్లు తనొక్కతే ఏరింది. పాలు పిండే వేళ కావడంతో మిగతా ఇరవై రెడ్డెప్పకు వదిలి లేచింది.

బుధవారం తెల్లవారుజామున ఆమె కూడా రెడ్డెప్పతో టెంపో ఎక్కి మార్కెట్టుకు పోయింది. కాయలు దోరగా ఉండడం తన కళ్ళతో చూడాలని, ముఖ్యంగా నారాయణస్వామికి చూపించాలని. ఆయన కాగితం ఎత్తాడు. మొదటి వరస నవనవలాడుతూ దోరగా ఉంది. రెండో వరసా అంతే. చివర పెట్టిన క్రేట్లకొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇరవై క్రేట్లు, కుంకుమ పోసినట్టు.

"అమ్మా, ఇంట్లో అందరూ బాగుండారా?"

కాంతమ్మకు ఒళ్ళు భగ్గుమంది. రవికలోంచి కాగితం తీసి ఆయన ముక్కు ముందు పట్టింది. నాకేమీ లేదప్పా, డాక్టరే సంతకం చేసినాడు, ఇంకా నన్నే అడుగుతావా అని కసిరింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితం చదివి, సరేలేమ్మా, మరి ఈ ఇరవై ఎవరు ఏరినారని అడిగాడు.

రెడ్డెప్ప అప్పటికే టెంపో వెనక్కి జరిగాడు.

కాంతమ్మ అక్కడే నిలబడిపోయింది. మొదటి మూడు కోతలు పాడైనప్పుడు తనకే దిగులూ లేదు. అప్పుడు పక్కన కూర్చుని కాయలేరింది ఎవరు? నీ ఒంట్లోనే రోగముందని పుంగనూరుకు లాక్కుపోయింది ఎవరు? చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నది ఎవరు? నెల రోజులుగా ఎండలో కూడా అల్లుడు కొనిచ్చిన బూట్లు విప్పకుండా తిరుగుతుంటే, ముసలితనంలో సోకు ముదిరిందని తను వెక్కిరించింది ఎవర్ని? ఆమె పక్కనున్న మండీ కుప్పలోంచి గట్టి పచ్చికాయ ఒకటి తీసుకుని మొగుడి దగ్గరికి పోయింది.

"పట్టుకో."

"యాల?"

"పట్టుకోప్పా."

రెడ్డెప్ప పట్టుకున్నాడు. నాకేంది, గుండ్రాయి మాదిరి ఉండాను, ఎండ తగిలుంటాది, లేకుంటే కొత్త మందు కొట్టినాము గదా దానివల్లయినా అయుంటాది అని చెప్పుకుంటూ పోయాడు. ఆయన చెప్పేకొద్దీ కాయ అడుగున పసుపు పడింది, పసుపు నారింజ అయింది, మాట పూర్తయ్యేలోగా తొడిమ దాకా ఎర్రబడింది. నారాయణస్వామి మర్యాదగా తల తిప్పుకుని తర్వాతి కుప్పకు వేలం కేకేశాడు.

"బూటు విప్పు," అంది కాంతమ్మ.

విప్పాడు. ఆమెకు చూడక్కర్లేకపోయింది. ఆ వాసన చాలు.

ఆసుపత్రిలో రెడ్డెప్ప రక్తం మూడు వందల నలభై చూపించింది. బొటనవేలి పక్కన పుండు నెలన్నర నుంచి ఉందని, రాత్రికి నాలుగైదుసార్లు లేస్తున్నాడని అప్పుడు బయటపడింది. డాక్టరు పుండును గుచ్చి గుచ్చి చూశాడు. ఎముక దాకా పోలేదన్నాడు. ఇన్సులిన్ మొదలుపెట్టి, పుండు శుభ్రం చేసి కట్టుకడితే వేలు నిలబడుతుందని, ఇంకో పది రోజులు ఆగివుంటే మాత్రం పాదం గురించి మాట్లాడుకోవాల్సి వచ్చేదని చెప్పాడు. మీకెట్లా తెలిసిందని అడిగితే, కాయలు పండినాయి సార్ అంది కాంతమ్మ. ఆయన తలూపి ఆ మాట కూడా చీటీలో రాసుకున్నాడు.

కట్టు కట్టడానికి పిలిచేదాకా బయట బల్ల మీద కూర్చోమన్నారు. కాంతమ్మ కోపంతో దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. ఇన్నాళ్ళు తాగిన కాకర రసమంతా గొంతులోకి వచ్చినట్టుంది. తనను ఊరంతా తిప్పి, అందరిచేతా సలహాలు చెప్పించి, తన పాయసం తిని, లోపల ఇది దాచుకున్నాడు. తిట్టడానికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో కూడా తోచలేదు.

"మా నాయన కాలు తీసినప్పుడు," అన్నాడు రెడ్డెప్ప నేల చూస్తూ, "దాన్ని సంచిలో పెట్టి నా చేతికిచ్చినారు. మా అమ్మకు చూపించొద్దని చెప్పినారు. నేనే పోయి పూడ్చినా. ఇంతవరకూ ఎవరికీ చెప్పలే."

కాంతమ్మకు ఆ సంగతి తెలియదు. ఆ సంవత్సరమంతా కట్లు ఉతికింది తానే కాబట్టి, ఆ కష్టమంతా తనకే తెలుసనుకుంది ఇన్నేళ్ళూ. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

"దిగులు పడేదుంటే నాతో చెప్పి పడప్పా," అంది. "కాయలతో చెప్తే నాకెట్ల తెలిసేది?"

ఆయన విప్పిన బూటును బల్ల కిందికి నెట్టాడు. తర్వాత, "నాకు శానా భయంగా ఉండాది మే," అన్నాడు.

"నాకూ భయంగానే ఉండాది. జరుగు."

ఆయన జరిగాడు. ఆమె పక్కన కూర్చుంది. లోపలినుంచి నర్సు రెడ్డెప్ప ఎవరని పిలిచింది. ఇద్దరూ లేచారు.