బలరాం గారి హెర్నియా

భద్రాచలం బస్టాండులో కంట్రోలర్ బలరాం గొంతు తెలియనివాళ్లు లేరు. "వైరా మీదుగా ఖమ్మం వెళ్లు బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అని ఆయన మైకులో చెబితే, బస్సు ఇంకా డిపో గేటు దాటకపోయినా జనం లేచి సంచులు భుజాన వేసుకునేవాళ్లు. ఆ గొంతు మీద అంత నమ్మకం.

2008 నాటికి ఆయనకు నలభై నాలుగేళ్లు, నూట ముప్పై ఒక్క కిలోలు, తొమ్మిదేళ్ల షుగరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇన్సులిన్ పొడుచుకునేవాడు. పొడుచుకున్న పావుగంటకు క్యాంటీన్ నుంచి ఆరు ఇడ్లీలు, మూడు గారెలు తెప్పించుకునేవాడు. సూది ఉన్నదే తినడానికి అన్నది ఆయన వైద్యశాస్త్రం. ఆయన పట్టడం కోసం కంట్రోల్ రూం కుర్చీకి రెండు చేతులూ కోయించేశారు. అయినా లావుపాటి ప్రయాణికుడెవరైనా ఎదురుగా నడిచిపోతే, మైకు కట్టేసి, "ఈయనకు రెండు టికెట్లు కొట్టాలె" అని నవ్వేవాడు. ఎదుటివాళ్ల ఒళ్లు చూస్తే ఆయనకు మంచి హాస్యం పుట్టేది.

ఆ జనవరిలో కాలి బొటనవేలికి చెప్పు కరిచింది. నెలన్నరైనా పుండు మానలేదు. ఖమ్మం డాక్టరు పుండు చూసి, రక్తం రిపోర్టు చూసి, ఆ తర్వాత మనిషిని పైనుంచి కిందిదాకా చూసి, హైదరాబాదుకు చీటీ రాసిచ్చాడు. అక్కడి సర్జన్ కాగితం మీద సొరకాయలాంటి బొమ్మ గీశాడు. కడుపును కోడిగుడ్డంత సంచి చేస్తామని, పేగును మళ్లించి దానికి కుడతామని, బరువు తగ్గుతుందని, షుగరు కూడా అదుపులోకి వచ్చే అవకాశం బాగా ఉందని చెప్పాడు. అవకాశమే కానీ గ్యారంటీ కాదని రెండుసార్లు అన్నాడు. బలరాం గ్యారంటీ అన్న మాట ఒక్కటే విన్నాడు.

తిరుగు బస్సులో భార్య మోతీకి గట్టిగా చెప్పాడు. "ఎవ్వరికీ చెప్పొద్దు. మీ తమ్మునికి అసలే చెప్పొద్దు. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకున్నడని బస్టాండు బస్టాండంత నవ్వుతది."

"మరి ఏమని చెప్పాలె?"

"హెర్నియా అని చెప్పు."

"హెర్నియా అంటే ఏంది?"

"నాకేం తెల్సు? అడిగెటోళ్లకు గూడ తెల్వదు."

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ద్రవాలే తాగాలన్నారు. లివరు కొవ్వు పట్టి ఉబ్బిపోయి కడుపు మీద పడుకుని ఉందట. అది కొంచెం జరిగితేగాని కత్తికి దారి దొరకదట. ఆసుపత్రిలో ఆయన్ను ఒక సైకాలజిస్టు దగ్గర కూడా కూర్చోబెట్టారు. ఆమె మెల్లగా అడిగింది, "మీరు బాధ కలిగితే తింటారా, సంతోషం కలిగితే తింటారా?"

"రెండిటికీ తింటనమ్మ. ఏదీ లేకపోతే టైముకు తింట."

ఆమె చాలాసేపు రాసుకుంది. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చి, గొట్టంలోంచి గాలి పీల్చి బంతులు లేపమన్నారు. ఊపిరితిత్తులకు మంచిదన్నారు. వంద కిలోమీటర్ల దూరాన ఉన్న బస్సును నోటితో లాక్కొచ్చే మనిషికి మొదటి రోజు ఒక్క బంతే లేచింది.

ద్రవాలు మొదలైన మూడో రోజు డ్యూటీలో ఉండగా ఆయనకు ఒళ్లంతా వణుకు పుట్టింది. చర్ల బస్సును మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి "చర్ల" అనబోతే నోరు తిరగలేదు. అన్నం మానేసిన మనిషి ఇన్సులిన్ మాత్రం ఎప్పటిలాగే నిండా పొడుచుకున్నాడు మరి. మోతీ ఆటోలో పరుగెత్తుకొచ్చి నోట్లో గ్లూకోజు పోసింది. తర్వాత హైదరాబాదు డైటీషియన్ ఫోనులో తలంటింది.

"తిండి తగ్గిస్తే ఇన్సులిన్ కూడా తగ్గించాలని, ఎంత తగ్గించాలో కూడా, మన డాక్టర్ గారు రాసిచ్చారు కదండీ!"

"రాసిచ్చిండ్రు మేడం. సదవలే."

ఆరోజు నుంచి చదివాడు. చావుభయం వేసిన తర్వాతే ఆయనకు చదువు వంటబట్టింది.

ఏప్రిల్‌లో ఆపరేషన్ జరిగింది. పొట్ట మీద ఐదు చిన్న గాట్లు పడ్డాయి. మర్నాడు నర్సు దగ్గుమందు మూత లాంటి చిన్న గిన్నె ఇచ్చి, పావుగంటకు అంత నీళ్లు, చప్పరిస్తూ తాగమంది. బలరాం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది రుచి చూడనీకా?" అన్నాడు. రెండు గుక్కలకే గొంతుదాకా నిండినట్టయింది. నాలుగో రోజు పొద్దున నర్సు వేలు పొడిచి, "నూట నలభై రెండు. ఇవాళ ఇన్సులిన్ అక్కర్లేదు" అంది. తొమ్మిదేళ్లలో ఆయన విననిమాట అది. గోడవైపు తిరిగి ఏడ్చాడు. మోతీ చూసి, చూడనట్టు మజ్జిగ వడకట్టుకుంటూ కూర్చుంది.

ఇల్లు చేరాక రెండు వారాలు పల్చటి పప్పుకట్టు, మజ్జిగ. ఆ తర్వాత రెండు వారాలు మెత్తగా గిలక్కొట్టిన గుడ్డు. ఒక్క ముద్ద ఎక్కువైతే ఛాతీలో రాయి పడినట్టుండేది, బయటికి వచ్చేదాకా దిగేది కాదు. బి-కాంప్లెక్సు, ఐరన్, కాల్షియం బిళ్లలు బతికినంతకాలం మింగాలి. మూడో నెలలో దువ్వెన నిండా వెంట్రుకలొచ్చాయి. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం పళ్లతోపాటు ఒక సలహా కూడా తెచ్చారు. హెర్నియాకు మునగాకు మంచిదన్నాడొకడు. హెర్నియాకు తోటకూర పడదన్నాడింకొకడు. తనకూ హెర్నియా అయిందని, పక్క ఊళ్లో మంత్రం వేయిస్తే పోయిందని ఒక డ్రైవరు ఒట్టేశాడు. బలరాం అందరికీ తలూపాడు.

ఆగస్టుకు తొంభై ఆరు కిలోలకు దిగాడు. ప్యాంటు బెల్టుకు కొత్తగా నాలుగు రంధ్రాలు పడ్డాయి. అప్పుడు దిగాడు మోతీ తమ్ముడు లాలు.

లాలు గొలుసుకట్టు కంపెనీలో చేరి ఏడాదయింది. భద్రాచలం ఎండలో టై కట్టుకుని, చంకలో డబ్బాలతో తిరిగేవాడు. డబ్బాలో 'సన్నజాజి' అనే మామిడిపండు వాసన పొడి. అది నీళ్లలో కలుపుకుని తాగితే బరువు, బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పి, ఇంట్లో గొడవలు అన్నీ పోతాయి. మార్చిలో ఒక డబ్బా బావకూ అంటగట్టాడు. మోతీ దాన్ని అటక మీద పెడితే రెండో రోజుకే చీమలు పట్టాయి. షుగరోళ్లు తాగే పొడికి చీమలెందుకు పడతాయని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

లాలు బావను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "బావా! నా డబ్బ తాగినవ్ గదా? నిజం చెప్పు!"

కోయించుకుని తగ్గాడు అనిపించుకోవడం కన్నా తాగి తగ్గాడు అనిపించుకోవడం బలరాంకు మర్యాదగా తోచింది. "అవ్, తాగిన" అన్నాడు.

వారానికి బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. ఎడమవైపు నూట ముప్పై ఒక్క కిలోల బలరాం, కుడివైపు తొంభై ఆరు. మొదట ఆయన సిగ్గుపడ్డాడు. నాలుగు రోజులకు సిగ్గు పోయింది. కండక్టర్లు దండం పెట్టి పట్టుదల అంటే మీదే అంటుంటే కాదని ఎలా అంటాడు? డిపో మేనేజరు భార్య ఫోను చేసి డైటు అడిగితే పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. "నోటికి తాళమెయ్యాలమ్మ. మనసుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు." ఆయన నోటికి తాళమేసింది కడుపును కుట్టిన సర్జన్ స్టేప్లరు అని వంటింట్లో ఉన్న మోతీకి ఒక్కదానికే తెలుసు. ఆమె గరిటె గట్టిగా గిన్నెకేసి కొట్టింది.

కంట్రోల్ రూం ముందు నాగక్క అనే ఆమె చీపుర్లు, తేనె పెట్టుకుని కూర్చునేది. దుమ్ముగూడెం అవతల కోయగూడెం ఆమెది. మూడేళ్లుగా షుగరు గోలీలు వేసుకుంటోంది. ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది.

"సారు, ఆ పొడి తాగితేనే నీకు సూది పోయిందా?"

బలరాం ఫ్లెక్సీ వైపు చూశాడు. పక్కన ఇద్దరు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. "అవ్, నాగక్క. మంచిగనే పనిచేసింది" అన్నాడు.

నాగక్క ఆ నెల తేనె అంతా అమ్మి డబ్బా కొనుక్కుంది.

అక్టోబరులో లాలు ఫంక్షన్ హాలులో మీటింగు పెట్టాడు. రెండు వందలమంది వచ్చారు. వేదిక మీద బావకు శాలువా కప్పి, పెద్ద గ్లాసు నిండా సన్నజాజి కలిపి చేతికిచ్చాడు. తీపి ముట్టుకోవద్దని, ముట్టుకుంటే అది సరాసరి పేగులోకి జారి నానా యాతన పెడుతుందని సర్జన్ చెప్పాడు. కానీ రెండు వందలమంది చూస్తున్నారు. బలరాం సగం గ్లాసు తాగాడు.

పది నిమిషాలు పట్టలేదు. చొక్కా చెమటతో తడిసింది. గుండె డీజిలు ఇంజనులా కొట్టుకుంది. కడుపులో ఎవరో తాడు మెలేసినట్టయింది. శాలువాతో సహా బాత్రూం వైపు పరుగెత్తాడు.

లాలు కొంచెం కూడా తడబడలేదు. మైకు అందుకుని, "చూసిండ్రా! మా బావ లోపల మిగిలిన కొవ్వు ఎట్ల బయటికి పోతున్నదో చూసిండ్రా!" అన్నాడు. హాలు చప్పట్లతో ఊగింది. ఆ చప్పట్లు తలుపు అవతల కూర్చున్న బలరాంకు స్పష్టంగా వినిపించాయి. జేబులోంచి షుగరు చూసుకునే మిషను తీసి వేలు పొడుచుకున్నాడు. రెండు వందల ముప్పై ఎనిమిది.

ఇంటికి వచ్చి అటక మీది డబ్బా దించి వేలితో రుచి చూశాడు. "మోతీ, ఇది ఉత్త చక్కెర."

"చీమలకు ఎప్పుడో తెల్సు" అంది మోతీ. "పోయి చెప్పు అందరికి."

"ఇప్పుడెట్ల చెప్పాలె? ఫ్లెక్సీ గూడ లేచె. మెల్లగ చెప్త."

ఆ మెల్లగ పన్నెండు రోజులు సాగింది. పదమూడో రోజు పొద్దున నాగక్క భర్త పగిడయ్య కంట్రోల్ రూం గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"సారు, మా నాగక్కను పెద్దాసుపత్రిల పండబెట్టిన్రు. షుగరు ఐదొందలు దాటిందంట. తెలివి లేదు."

"గోలీలు ఏస్కుంటలేదా?"

"ఎందుకు సారు? పొడి తాగుతుంది గద. గోలీలు నెలనాడే ఆపేసింది." పగిడయ్య గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఇంక సగం డబ్బ ఉంది. తెచ్చి నోట్ల పొయ్యమంటవా? డాక్టర్లను అడగలే. నీకు తెల్సు గదాని నీ కాడికొచ్చిన."

ఆ మనిషి తిట్టి ఉంటే బలరాం ఏదో ఒకటి బుకాయించేవాడే. తిట్టలేదు. జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వద్దు పగిడయ్య. చుక్క గూడ పొయ్యొద్దు. పారబొయ్యి" అన్నాడు బలరాం. మైకు మీట నొక్కాడు.

"ప్రయాణికులకు గమనిక. ఎదురుగా ఉన్న బోర్డు మీద బొమ్మ నాది. నాకు హెర్నియా లేదు, ఏనాడూ లేదు. హైదరాబాదు దవాఖానాల కడుపు కోయించుకున్న. అందుకే సన్నబడ్డ. ఆ పొడితోని కాదు. ఆ పొడిల చక్కెర ఉంది. షుగరున్నోళ్లు తాగొద్దు, గోలీలు ఆపొద్దు. ఆపినోళ్లు జల్దీ డాక్టరు కాడికి పోండ్రి. నేను అబద్ధం చెప్పిన." ఇంకేం చెప్పాలో తోచక, అలవాటు కొద్దీ, "వెంకటాపురం బస్సు ఐదవ ప్లాట్‌ఫారం" అని కట్టేశాడు.

చర్ల బస్సు డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి బలరాంకు 'కోతల కంట్రోలర్' అని పేరు పడింది. మైకును సొంత కడుపు గురించి వాడినందుకు మేనేజరు మెమో ఇచ్చాడు. మేనేజరు భార్య మళ్లీ ఫోను చేసింది కానీ ఈసారి డైటు అడగలేదు, సర్జన్ నంబరు అడిగింది.

లాలు టై ఊడదీసి ఇంటి మీదికి వచ్చాడు. "బావా, నన్ను బజార్ల నిలబెడితివి! నాకన్న చెప్పొద్దా? మా అమ్మకు గూడ తాపిన గదా ఆ పొడి!"

"డబ్బ మీద చక్కెరని రాసుండదా? సదవలేదారా?"

"దవాఖానోళ్లు రాసిచ్చిన కాయిదం నువ్వు సదివినవా?"

లాలు ఆ రోజు మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. డబ్బాలు కొన్నవాళ్లు అతని వెంటపడ్డారు, నెలరోజులు ఊళ్లో కనిపించలేదు. సంక్రాంతి కూడా దాటకముందే కొత్త విజిటింగ్ కార్డులతో దిగాడు. ఇప్పుడతను హైదరాబాదు ఆపరేషన్లకు మనుషులను తీసుకెళ్లే గైడు. కార్డు వెనక బావ ఫొటో వేశాడు. ఆ ఒక్కటీ తీసేయమని బలరాం కాళ్లావేళ్లా పడ్డాడు.

నాగక్కకు రెండో రోజు తెలివి వచ్చింది. బలరాం ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. చేతిలో కొబ్బరిబోండాం ఉంది, అది కూడా ఇవ్వచ్చో లేదో తెలియక పట్టుకునే ఉన్నాడు. నాగక్క ఆయన్ను తేరిపార చూసింది.

"అబద్ధం నువ్వు చెప్పినవ్ సారు. సూది నాకు పడ్డది."

ఇంటికి వెళ్లాక ఆమె ఇన్సులిన్ పొడుచుకోవాలట. ఎలాగో నర్సు ఒకసారి చూపించి వెళ్లిపోయింది. బలరాం బోండాం కింద పెట్టి, స్టూలు లాక్కుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో ఎలా పట్టుకోవాలో, రోజుకొక చోట ఎందుకు మార్చాలో, పొడుచుకున్నాక తిండి ఎందుకు మానకూడదో చెప్పాడు. ఆ చదువులో ఆయనకు తొమ్మిదేళ్ల అనుభవం. పగిడయ్య రెండుసార్లు అడిగి మరీ నేర్చుకున్నాడు.

డిసెంబరులో నాగక్క మళ్లీ చీపుర్లతో వచ్చి, పాత చోట కాకుండా రెండు గజాలు అవతల కూర్చుంది. వారం తర్వాత బలరాం మిషను పట్టుకుని తనే బయటికి వెళ్లాడు.

"నాగక్క, ఒకసారి షుగరు చూద్దమా?"

ఆమె చేయి చాపలేదు. "ముందు నీ వేలు పొడువ్. సూస్త" అంది.

బలరాం చీపుర్ల మధ్య గొంతుకూర్చుని తన వేలు పొడుచుకున్నాడు. నూట ఇరవై ఒకటి. నాగక్క మిషను తన చేతిలోకి తీసుకుని, అంకెలు రాకపోయినా, పక్కన ఉన్న కండక్టరుతో ఒకటికి రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కొత్త సూది వేయమని చెప్పి, ఎడమచేతి చిటికెన వేలు ముందుకు పెట్టింది.