ఆ విస్తరి ఎవరికి?

మైసయ్య వాళ్ల తాత ఒకప్పుడు కొరివిదయ్యంతో తెల్లవార్లూ కుస్తీ పట్టి గెలిచి, దాని జుట్టు కోసుకొచ్చి బర్రెకు పలుపుతాడు పేనాడట. ఈ సంగతి మిర్యాలగూడ రైసుమిల్లులన్నిటికీ చాటింది మైసయ్యే. అలాంటి వంశంలో పుట్టినవాడు ఆదివారం మ్యాట్నీ చూసి వచ్చిన దగ్గర్నుంచి ముద్ద మింగలేకపోతున్నాడంటే, ఆ సినిమా ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

అందులో హీరోది మైసయ్య చేసే పనే. మిల్లులో తాటిచెట్టంత ఎత్తున వడ్లు పోసే ఇనుప బిన్ను ఉంటుంది. అందులో తడి వడ్లు గడ్డకట్టి కిందికి దిగకపోతే, నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగి గడ్డపారతో పొడవాలి. పైన దోస్తు తాడు పట్టుకుంటాడు. ఒకరోజు ఎవరో బిన్ను కింది తలుపు తెరవడంతో హీరో కాళ్ల కింద వడ్లు ఒక్కసారిగా కుంగిపోతాయి. తెరంతా దుమ్ము. ఆ దుమ్ము తేరేసరికి హీరో ఇంటి గడప మీద, దోస్తు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంటారు. గోడ మీద విస్తరి. విస్తరి మీద కాకి.

అదేమిటో మన దగ్గర పసిపిల్లలకైనా తెలుసు. మూడోనాడు పిట్టకు పెడుతున్నారు. ఎవరో పోయారు. ఎవరు?

సరిగ్గా అక్కడే మైసయ్య లేచి బయటికి నడిచాడు. జనం మీద పడకముందే స్టాండులోంచి బండి తీసుకోకపోతే గంటసేపు ఇరుక్కుపోవాలి మరి! ఏ సినిమాకైనా అతనిది అదే పద్ధతి. భార్య ఆండాలు, ఆమె తమ్ముడు సురేష్ మాత్రం ఆఖరిదాకా కూర్చున్నారు.

బండి తీస్తున్నంతసేపూ మైసయ్య బుర్రలో ఒకటే ఆలోచన. వడ్లల్లో పడ్డది హీరో. కాబట్టి పోయింది హీరోనే. అంటే దోస్తు తాడు వదిలేశాడు. మరి మిల్లులో తన తాడు పట్టేదెవరు? సురేషే.

సోమవారం పొద్దున మిల్లు ముందు చాయ్ తాగుతూ అడగనే అడిగాడు.

"ఏంరా బామ్మర్ది, గా దోస్తుగాడు తాడెందుకు ఇడిసిండంటవ్?"

"ఎవడిడిసిండు బావా? హీరో బతికే ఉన్నడు గద. ఆఖర్ల నీళ్లు గూడ తాగిండు."

"సచ్చినోళ్లకు దూప కాదా?"

"ఏమో మరి. నువ్వు పోయినంక ఫోన్ జేసి చెప్పు."

మైసయ్యకు నవ్వు రాలేదు. "నువ్వయితే ఇడుస్తవా?"

"బిర్యానీ వాసనొస్తే ఇడుస్త" అన్నాడు సురేష్ గ్లాసు కడిగి పెడుతూ.

అప్పుడే మేస్త్రి వీరేందర్ కేకేశాడు. "మైసన్నా, మూడో బిన్ను జామైంది! హుజూర్‌నగర్ లారీలు లైన్ల ఉన్నయ్, జల్ది రా!"

తాడు భుజానేసుకున్న సురేష్ వెనక రాగా మైసయ్య నిచ్చెన ఎక్కాడు. పైకి చేరి లోపలికి తొంగి చూస్తే, నోరు తెరుచుకున్న చీకటి. దిగడం కాసేపైనా తప్పించుకోవాలని ఇంటికి ఫోన్ కలిపాడు.

"ఆండాలూ, ఆఖర్ల ఏమైంది?"

"దేని ఆఖర్ల?"

"సిన్మా ఆఖర్ల!"

"పని కాడికి పోయి గిదేం యాలాకోలమయ్యా? ఈడ పప్పు మాడుతది!"

"నీకు దండం పెడ్తనే, జెప్పు."

ఆ గొంతు విన్నాక అవతల స్టవ్ ఆపిన చప్పుడు వినిపించింది.

"ఇస్తర్ల కల్లు సీసా పెట్టిండ్రు. హీరో కల్లు ముట్టనే ముట్టడు. తాగేది దోస్తు."

"ఇంక?"

"దోస్తు గంత మనిషి కూసుంటే మంచం నులక జరంత గూడ దిగలె. నీళ్లడిగితే ఎవ్వలూ మర్లి సూడలె. హీరోకే ఇచ్చిండ్రు. హీరో నడుం మీద తాడు కోసిన పుండు మానుతున్నది. సచ్చినోనికి పుండు మానుతదా?"

"అయితే పోయింది..."

"దోస్తే. అంగి కిందికెల్లి తాడు కొస ఏలాడుతుంటే నువ్వు సూడలె. దోస్తు గూడ తాడు తన నడుముకు కట్టుకున్నడు. ఇడువక, తాడుతోని లోపలికే పోయిండు. హీరోను గుంజెటోళ్లు ఆ తాడు కోసి ఉంటరు, దోస్తు వడ్ల కిందనే ఉండిపోయిండు."

మైసయ్య ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

సురేష్ ఏదో కూనిరాగం తీస్తూ, తాడు కొసను తన నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేస్తున్నాడు. చెమట చేతులకు తాడు జారుతుందని ఆ మిల్లులో అందరూ చేసేది అదే. పదకొండేళ్లుగా మైసయ్య కళ్ల ముందు జరుగుతున్నదే.

"ఇప్పు" అన్నాడు మైసయ్య.

"ఏంది?"

"నడుముకున్నది ఇప్పుర!"

సురేష్ తెల్లబోయి చూస్తుండగానే మైసయ్య ముడి మీద పడ్డాడు. పళ్లతో లాగి విప్పాడు. ఆ కొసను తీసుకెళ్లి ఇనుప దూలానికి మూడు చుట్లు వేసి బిగించాడు. తర్వాత వంగి కిందికి అరిచాడు.

"వీరేందరూ! బిన్ను కింది తలుపు మూసి, తాళమేసి, చెవి నాకు పంపు. అప్పుడే దిగుత!"

"ఇన్నేండ్లల్ల లేని తాళమెందుకే?"

"పంపుతవా, నువ్వే దిగుతవా?"

మేస్త్రి గొణుక్కుంటూనే తాళంచెవి పంపించాడు. మైసయ్య దాన్ని మొలతాడుకు, తాడు రెండో కొసను నడుముకు కట్టుకున్నాడు.

"భయమైతున్నదా బావా?" సురేష్ ఈసారి ఎగతాళిగా అడగలేదు.

"అయితున్నది. నేను పైకొచ్చెదాంక మాట్లాడుకుంటనే ఉండు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న మాట్లాడు. నోరు మూస్తే తంత."

సురేష్ బుర్ర గోక్కుంటూనే అందుకున్నాడు. "దామరచర్ల కాడ ఒక పిల్లిని సూసిన బావా. దూడంత ఉంటది."

మైసయ్య చీకట్లోకి ఒక కాలు దింపాడు. వడ్ల వేడి ముఖానికి కొట్టింది.

"రంగేందిరా దానిది?" అని అరిచాడు.

"నలుపు!"

ఇంకో కాలు దింపాడు. "తోకనో?"

పైనుంచి జవాబు రావడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ గొంతు మళ్లీ వినపడేదాకా మైసయ్య కాలు ఉన్నచోటే ఆగిపోయింది.