శుక్రవారం ఆమెది, ఆదివారం ఆయనది

నేను ఒక పటం చట్రాన్ని. పటాన్ని కాదు, చట్రాన్ని. నాలుగు వేపచెక్కలు, మూలకొక మేకు, పైన వేలాడదీయడానికి ఇనప తీగ. నాజూకు మాటలు నాకు రావు. చెక్క ఎట్లా ఉంటుందో నా మాటా అట్లాగే ఉంటుంది. గుచ్చుకుంటే లేచి పొండి.

చీరాల బస్టాండు పక్కన పటాలు కట్టే కొట్లో పుట్టాను. నన్ను కట్టినాయన ఖాదర్‌వలీ సాయబు. ఆయన ఇంట్లో ఒక్క పటం ఉండదు. వాళ్ళ దేవుడికి రూపం లేదు. అయినా వెంకన్నకీ, శివుడికీ, మేరీ తల్లికీ ఒకే రంపంతో కోసేవాడు. ఎవరి దేవుడికీ మేకు వంకరగా దిగ్గొట్టలేదు. రోజంతా దేవుళ్ళ మధ్య కూర్చుని దేవుడి గురించి తగాదా పడని మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

నన్ను కొన్నది అంకమ్మ. పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసే మనిషి. తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి బొమ్మ తెచ్చి కట్టమంది. వాళ్ళ ఊళ్ళో గుడి లేక కాదు. ఉంది. కానీ ఊరికి తూర్పున పేటలో పుట్టిన అంకమ్మ ఏనాడూ ధ్వజస్తంభం దాటలేదు. దాటనివ్వలేదు. అంత దూరం నుంచి దణ్ణం పెడితే లోపలి తల్లికి తెలుస్తుందో లేదో అని ఆమెకి అనుమానం. నన్ను పోనివ్వకపోతే నువ్వే రా అని దేవతని బస్సెక్కించి ఇంటికి తెచ్చుకుంది. ఒళ్ళో పెట్టుకుని, నా అద్దం మీద కొంగు కప్పి తెచ్చింది. నేనింత గౌరవం మళ్ళీ ఎరగను.

తర్వాత కోడలొచ్చింది. దీనమ్మ. బాప్తిస్మం పుచ్చుకున్న ఇంటి పిల్ల. పెట్టెలో రెండు చీరలు, ఒక వాక్యం పుస్తకం, చర్చి వాళ్ళ కేలెండరు నుంచి కత్తిరించుకున్న ఏసయ్య బొమ్మ. ఆ బొమ్మలో ఆయన గొర్రెపిల్లని భుజాన వేసుకుని ఉంటాడు. సున్నం కొట్టిన మట్టిగోడకి ఉన్నది ఒకే మేకు. ఇంకోటి కొడితే గోడ రాలుతుంది. అత్త దించనంది, కోడలు అన్నం ముట్టనంది. మూడు రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు. అంకమ్మ కొడుకు రోశయ్య ఇద్దరి మధ్యా నలిగి లారీ ఎక్కి డ్యూటీకి పోయాడు. మగాళ్ళకి అదొక సదుపాయం.

నాలుగో రోజు అంకమ్మ నన్ను చంకన పెట్టుకుని చీరాల పోయింది. "సాయబూ, దీని వీపు ఖాళీగానే ఉంది గదా. అటుపక్క ఈయన్ని కూకోబెట్టు" అంది. సాయబు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అద్దం కూర్చునే నా గాడి లోతు తక్కువ. రెండు అద్దాలు పట్టాలంటే మధ్య అట్ట తీసెయ్యాలి. తీసేశాడు. ఆమె వీపు, ఆయన వీపు ఒకదానికొకటి తగిలేట్టు పెట్టి మేకులు బిగించాడు. బిగించేటప్పుడు ఆయన వైపు అద్దం మూలన చిన్న బీట పడింది. అది గుర్తుపెట్టుకోండి.

అప్పట్నుంచి ఇంట్లో వంతులు. శుక్రవారం ఆమెది, ఆదివారం ఆయనది. మిగతా రోజులు ఎవరు ముందు లేస్తే వాళ్ళ దేవుడు. పోటీ పడి లేవడంతో ఆ ఇల్లు పేటలో అందరికంటే ముందు ఊడ్చేవాళ్ళు.

పండితులు ఈ సంగతి మీద ఎన్ని గ్రంథాలు రాశారో నాకు తెలీదు. అంకమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "పొద్దున ఒక మేస్త్రీ, మజ్జానం ఒక మేస్త్రీ. కంపెనీ ఒకటే కాదంటే?"

దీనమ్మ ఒప్పుకోలేదు. "మేస్త్రీ కాదత్తా. ఆయనే కంపెనీ."

ఇద్దరూ ఆ మాట దగ్గరే పాతికేళ్ళు నిలబడ్డారు. ఒకర్నొకరు తోసుకోకుండా నిలబడ్డారు. అంకమ్మకి ఆ గొర్రెపిల్ల మీద మాత్రం గురి కుదిరింది. "మనం పోలేరమ్మ ముందర కోసే పిల్లని ఈయనెత్తుకుని దాస్తున్నాడే" అని నవ్వేది. ఒకరోజు దీనమ్మ, ఆ పిల్ల ఆయనే అత్తా, మన బదులు తెగింది ఆయనే అని చెప్పింది. ముసలామె మర్నాడు పొద్దున లేచి ఆయన వైపు అద్దానికి ఒక మందార పువ్వు దోపింది. పువ్వొద్దత్తా అని దీనమ్మ తీసేసింది. మర్నాడు అంకమ్మ మళ్ళీ దోపింది. మూడోనాడు దీనమ్మ చూడనట్టు ఊరుకుంది. మతాలు కలవడం అంటే సభలూ ఉపన్యాసాలూ అనుకుంటారు మీరు. నేను చూసిందల్లా ఒక పువ్వు తియ్యకుండా ఊరుకోవడం.

రోశయ్య ఒక రోజు లారీతో పోయి తిరిగి రాలేదు. మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు. మూడో మనిషి కూతురు సువార్త. బళ్ళో పేరు సుభద్ర. సువార్త అని రాస్తే రేపు కులం కాగితం రాదమ్మా అని హెడ్మాస్టరే మార్చి రాశాడు. నాకు రెండు ముఖాలుంటే ఆ పిల్లకి రెండు పేర్లు. మాకిద్దరికీ సొంతది ఏదో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పిల్ల నర్సింగు చదివింది. సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఎస్సీ కోటాలో పేరొచ్చింది. పేట మొత్తం మీద మొదటి గవర్నమెంటు ఉద్యోగం. ఇంకేముంది, ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేశాడు. వీళ్ళు కిరస్తానీలు, హిందువులమని దొంగ కాగితం పెట్టారు అని. ఎంక్వయిరీకి మనిషొస్తాడు, ఆయన హిందువులే అని రాస్తే పోస్టు, లేకపోతే లేదు అని కబురొచ్చింది.

చట్టం సంగతి చెక్కకి అర్థమైనంత చెప్తాను. మిమ్మల్ని గుళ్ళోకి రానివ్వకుండా తొక్కిపెట్టారు గనక ఉద్యోగంలో వాటా ఇస్తాం అంటుంది. బాగుంది. గుళ్ళోకి రానివ్వలేదు గదా అని ఇంకో దేవుడి దగ్గరికి పోతే, నీకిక ఆ కులం లేదు, వాటా లేదు, పోయి మతం మారినవాళ్ళ బీసీ-సీలో నిలబడు అంటుంది. దేవుణ్ణి మారిస్తే కులం ఊడిపోతుందట! ఊడిందా? పేట మారిందా? శ్మశానం మారిందా? పెద్దకులం విశ్వాసులు చర్చిలో పక్కన కూర్చుని పాట పాడతారు, పిల్లనిమ్మంటే మాత్రం ప్రార్థన చేసి చెప్తాం అంటారు. కులం ఎక్కడా ఊడదు. ఊడేది కాగితమొక్కటే.

రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. గారు ఆదివారం పొద్దున వచ్చాడు. కావాలనే ఆదివారం. ఎవరు చర్చికి పోతారో చూద్దామని. దీనమ్మ పోలేదు. పాతికేళ్ళలో మొదటిసారి పోలేదు. చర్చి గంట వినపడుతుంటే నా దగ్గరకొచ్చి నన్ను లక్ష్మీదేవి వైపుకి తిప్పింది.  దీపం పెట్టింది. తన నుదుట తనే బొట్టు పెట్టుకుంది. వాక్యం పుస్తకం బియ్యం డబ్బాలో దాచింది.

ఆర్.ఐ. కుర్చీలో కూర్చుని గోడ చూశాడు. సువార్త గ్లాసుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. చర్చికి పోతారా అని అడిగాడు. పోమయ్యా అంది దీనమ్మ. బాప్తిస్మం ఉందా అన్నాడు. లేదయ్యా అంది. ఏసుని నమ్ముతారా అన్నాడు.

"ఆయనెవరో మాకు తెలవదయ్యా."

మూడుసార్లు. ఆ లెక్క ఆమెకి తెలుసు. కోడి కూసేలోపు శిష్యుడొకడు ఏసుని మూడుసార్లు ఎరగనన్న కథ, చిన్నప్పట్నుంచి విన్నదే. వాకిట్లో కోడి గింజలేరుకుంటోంది. అదైనా కూయలేదు.

ఆయన పెన్ను తీశాడు. హిందూ అని రాయబోతున్నాడు.  సరిగ్గా అప్పుడు పంచలో మంచం మీద అంకమ్మ నిద్ర లేచింది. రెండు కళ్ళకీ పొరలొచ్చి అప్పటికి రెండేళ్ళు. రోజూ పొద్దున గోడ తడుముకుంటూ నా దగ్గరికి రావడం అలవాటు. వచ్చింది. అద్దం మీద వేళ్ళు పెట్టింది. పాతికేళ్ళ కుంకం గట్టిపడి గరుగ్గా తగిలింది. లక్ష్మీదేవి వైపు.

"ఏమే దీనమ్మా, ఇయ్యాళ ఆదివారం గదే. ఆయన వంతు. మర్చిపోతివా?"

నన్ను తిప్పేసింది. దీనమ్మ చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ముసలామె బీట పడిన మూలని తడిమి చూసుకుని, ఆయనే అని రూఢి చేసుకుని, రెండు చేతులూ ఎత్తింది. తర్వాత కుర్చీ చప్పుడు విని అటు తిరిగింది.

"ఎవరో వచ్చినట్టుంది, కూకో నాయనా. మా ఇంట్లో వంతు తప్పం. పాతికేళ్ళనుంచి తప్పలా."

భుజాన గొర్రెపిల్లతో ఆయన గోడ మీద నిలబడి ఉన్నాడు. ఆర్.ఐ. చెడ్డవాడు కాదు. ఒక నిమిషం తలొంచుకున్నాడు. తర్వాత రాయాల్సింది రాశాడు. వీళ్ళు క్రైస్తవులు, కులం లేదు అని. రాసి లేచాడు. గ్లాసులో నీళ్ళు నిండుగా అట్లాగే ఉన్నాయి. కులం లేని ఇంట్లో నీళ్ళు తాగడానికి ఏం అడ్డమొచ్చిందో ఆ రిపోర్టులో రాయలేదు.

సువార్త ఆ నీళ్ళు వాకిట్లో పారబోసి వచ్చింది.

"ఒక్క ఆదివారం నాయనమ్మా. ఒక్క ఆదివారం నీ మంచంలో నువ్వు పడుకోలేకపోయావా?"

అంకమ్మకి తను ఏం చేసిందో అర్థం కాలేదు. "ఆయన వంతు ఎగ్గొడితే ఆమెకి మాత్రం బాగుంటదంటే?" అంది. నిజంగానే అడిగింది. ఏసయ్య వంతు కోసం ఆ ఇంట్లో గట్టిగా నిలబడింది బాప్తిస్మం లేని మనిషి. ఆయన్ని గోడకి తిప్పేసింది ఆయన బిడ్డ. ఎవరిది భక్తో మీరు తేల్చుకోండి. నాకు మాత్రం ఎవరి మీదా రాయి వెయ్య బుద్ధి కాలేదు.

బుధవారం పాస్టరు దైవసహాయం గారొచ్చారు. తుపానులో నడుంలోతు నీళ్ళలో గంజి మోసుకొచ్చిన మనిషి. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ దీనమ్మ ప్రభువుని ఎరగనందని ఆయనకి తెలిసింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టావమ్మా అన్నారు. ఆ లక్ష్మీదేవి బొమ్మ చించి పొయ్యిలో పెట్టిందాకా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నారు. గురువారం ఒంగోలు నుంచి ప్లీడరు గుమాస్తా కబురు పంపాడు. అప్పీలుకి దారుంది, ఆ ఏసు బొమ్మ తీసి కాల్చేసి, లక్ష్మీదేవి పటం మాత్రం పట్టుకుని విచారణకి రమ్మన్నాడు. ఒకాయన ఆమెని కాల్చమన్నాడు, ఒకాయన ఆయన్ని కాల్చమన్నాడు. ఇద్దరూ దేవుడు ఒక్కడే అన్నవాళ్ళే.

సువార్త ఎవర్నీ అడగలేదు. నన్ను దించి ఒళ్ళో పెట్టుకుని స్క్రూడ్రైవరుతో మేకులు పెకిలించింది. ఆయన్ని తీసేస్తే ఉద్యోగం ఇంకా బతికే ఉంది. బొమ్మ అంచు పట్టి లాగింది. రాలేదు.

ఆ తుపానులో గోడంతా నానిందని చెప్పానా? మధ్య అట్ట లేదు గదా. చెమ్మకి రెండు కాగితాలూ వీపు వీపు అంటుకుపోయాయి. సువార్త తడిగుడ్డ అద్దింది. బ్లేడు దూర్చింది. ఇంకాస్త లాగింది. గొర్రెపిల్ల కాళ్ళు లక్ష్మీదేవి వీపునే ఉండిపోయాయి. ఆమె చెయ్యి ఒకటి ఆయన అంగీతో ఊడొచ్చింది.

చిరిగిన చప్పుడు అంకమ్మ విన్నది. "ఏందే అది?" అంది.  దీనమ్మ వచ్చి కూతురి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. "ఆపు. వాళ్ళు ఇడిపోరే. ఇంక ఇడిపోరు."

సువార్త ఏడ్చింది. నర్సు ఉద్యోగానికి కుట్టించుకున్న తెల్లబట్టల మీద ఆ చింపులు పెట్టుకుని, బొమ్మలు రెంటికీ కలిపి ఏడ్చింది.

విచారణకి పటం లేకుండా పోయారు. సాక్ష్యం లేదన్నారు. పోస్టు లిస్టులో తర్వాతి పేరుకి పోయింది. సువార్త హైదరాబాదులో ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. ఉత్తరాల్లో నాయనమ్మ ఊసు ఉండదు. దీనమ్మ ఆదివారం చర్చి వెనక గోడకి ఆనుకుని బయటే నిలబడుతుంది. చింపుల్ని ఆమె కాల్చలేదు. బియ్యం డబ్బా అడుగున వాక్యం పుస్తకంలో పెట్టింది. అందుకే బల్లా లేదు, ఉద్యోగమూ లేదు. పాతికేళ్ళు ఇద్దరు దేవుళ్ళని ఒక మేకు మీద మోసిన ఇంటికి కాల్చమన్న ఇద్దరు మనుషులు కలిసి ఇచ్చిన బహుమానం అది.

నన్ను చూరులో దోపారు. రెండు రోజులే. అంకమ్మ ఖాళీ మేకుని పట్టుకుని పటం ఏదే, పటం ఏదే అని అడుగుతుంటే తట్టుకోలేక దీనమ్మ నన్ను మళ్ళీ తగిలించింది. రెండు అద్దాలు, మధ్యలో ఏమీ లేదు. ముసలామెకి కళ్ళు లేవు. వేళ్ళున్నాయి. కుంకం గరుకు తగిలితే ఆమె, బీట తగిలితే ఆయన. ఆ లోకంలో ఏమీ మారలేదు. నాలో ఎవరూ లేరు తల్లీ అని అరవాలనిపిస్తుంది. చెక్కకి గొంతేది?

మొన్న ఆదివారం వచ్చింది. తడిమింది. గరుగ్గా తగిలింది. తిప్పే ముందు ఆగి, కోడలి వైపు తలెత్తి అడిగింది. ఈ మధ్య తన మీద తనకే నమ్మకం పోయింది పాపం.

"ఇయ్యాళ ఎవరి వంతే?"

దూరంగా చర్చి గంట కొడుతున్నారు. దీనమ్మ చర్చికి బయల్దేరబోతూ ఆగింది. తర్వాత వచ్చి ముసలామె పక్కన నిలబడింది.

"ఆయన వంతే అత్తా. తిప్పు."

తిప్పింది. ఇద్దరూ చేతులు జోడించారు. నా అద్దంలోంచి వాళ్ళకి ఎదురుగా కనపడుతున్నది సున్నం గోడ. అటు తిప్పినా సున్నం గోడే.